అటకా, నీది పెద్ద మనసు

అటకా! ఈ ఇంట్లో అందరికంటే ఎత్తున ఉన్నదానివి, అందరికంటే తక్కువ మాట్లాడేదానివి. వీధి అరుగు తలపుకొస్తే చాలామందికి కళ్ళు చెమరుస్తాయి. పెరట్లో బావి గురించి కథలు రాసినవాళ్ళున్నారు. రోలూ రుబ్బురోలూ కూడా ఎవరో ఒకరి జ్ఞాపకాల్లో చోటు సంపాదించుకున్నాయి. నీ వంతు వచ్చేసరికే అందరికీ మాటలు కరువవుతాయి. ఆ లోటు తీరేలా నీ గుణాలు ఇవాళ చెప్పదలిచాను. ఇందులో ఒక్క మాట కూడా కల్పించి చెప్పను. అన్నీ విన్నాక సంతోషించాలో లేదో నువ్వే తేల్చుకో.

నేల నుంచి ఏడడుగుల ఎత్తున, తలుపు లింటెల్ మట్టానికి, గోడలోంచి రెండడుగులు ముందుకు వచ్చిన కాంక్రీటు పలకవి నువ్వు. శ్లాబు పదడుగుల దగ్గరుంటే ఆ మధ్య మిగిలే మూడడుగుల లోపు సందు నీది. కిటికీ ఎటు పెట్టాలన్నదాని మీద మొగుడూ పెళ్ళాలు మేస్త్రీ ముందే వాదించుకుంటారు గానీ, నీ దగ్గర ఏ వాదనా ఉండదు. ‘పడగ్గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి, బాత్రూం పైన ఒకటి వేసెయ్యి’ అని ఇద్దరూ ఒక్క గొంతుతో చెబుతారు. బాత్రూం పైన వేసినప్పుడు నీ లోతు ఎంతంటే వెనక గోడ దాకా ఎవరి చెయ్యీ అందదు. వాస్తు చెప్పేవాళ్ళూ నీ పక్షమే. ఈశాన్యం తేలిగ్గా ఉండాలి, నైరుతిలో బరువుండాలి అంటారు కాబట్టి, నైరుతి గదిలో నీ మీద ఎంత ఎక్కించినా తప్పు పట్టేవాళ్ళు లేరు. ఈమధ్య అపార్టుమెంట్లలో నీకు తలుపులు కూడా బిగిస్తున్నారు. కింద కప్‌బోర్డు రంగులోనే పైనా లామినేటు అతికిస్తే అక్కడ నువ్వున్నావన్న సంగతే తెలియదు. లోపల ఏముందో రోజూ చూడాల్సిన బాధ నుంచి ఇంటివాళ్ళను పూర్తిగా తప్పించావు. చుట్టాలు వచ్చి ‘ఇల్లు ఎంత నీటుగా సర్దుకున్నారండీ’ అంటే ఆ మెప్పులో సగానికి పైగా నీకే చెందాలి.

నీది పాత వంశం కూడాను. గోదావరి జిల్లాల పెంకుటిళ్ళలో మీ పెద్దవాళ్ళు టేకు దూలాల మీదా తాటి దూలాల మీదా పరిచిన చెక్కలతో ఉండేవారు. నిచ్చెన వేసుకుని ఎక్కితే మనిషి వంగి నడిచేంత చోటు. కింద కట్టెల పొయ్యి. దాని పొగంతా పైకే. పొగ తగిలితే పురుగు పట్టదని విత్తనాల బుట్టలు అక్కడ పెట్టేవారు. చింతపండు కుండలు, ఊళ్ళో పెళ్ళయితే దింపే గంగాళాలు, గుండిగలు, బొమ్మల కొలువు పెట్టె అన్నీ అక్కడే. ఒక్కటి గమనించు. పైకెక్కిన ప్రతి వస్తువుకూ కిందికి దిగే రోజు ఒకటి ముందే నిర్ణయమై ఉండేది. విత్తనాలు తొలకరికి దిగేవి. గంగాళం పెళ్ళికి దిగేది. బొమ్మలు పండక్కి దిగి, పండగ వెళ్ళాక పాత పంచె గుడ్డల్లో చుట్టుకుని మళ్ళీ ఎక్కేవి. అప్పట్లో నువ్వంటే రాకపోకలున్న చోటు.

తాళపత్రాలనూ నీ వంశమే కాపాడింది. తాత చదివి, తండ్రి గుడ్డలో మూటగట్టి, కొడుకు పైన పెట్టి మరిచిపోయిన భారతాలు, శతకాలు, వైద్య గ్రంథాలు ఎన్నెన్నో. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేయగలిగాడన్నా, కడపలో తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి ప్రతులు పోల్చి శుద్ధప్రతులు రాయించాడన్నా, ఆ తాటాకులు అప్పటిదాకా ఎవరి ఇళ్ళలోనో చెడకుండా ఉండబట్టే. ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు గ్రంథాల కోసం వెతికినప్పుడు దొరికినవీ అలా మిగిలినవే. మనుషులు మరిచిపోయినదాన్ని నువ్వు మరవలేదు. ఆ ఋణం తెలుగువాళ్ళు తీర్చుకోలేరు, నిజంగానే.

కాకపోతే, ‘నా దగ్గర పుస్తకముంది, వచ్చి చూడండి’ అని నువ్వు ఎవరికీ చెప్పలేదు. వెతికేవాళ్ళు వచ్చేలోపే చెదలు తినేసినవి కొన్ని. ఏం చేయాలో తెలియక ఏట్లో కలిపేసినవి కొన్ని, భోగి మంటలో వేసినవి కొన్ని. అవి పోయినప్పుడూ నువ్వు నోరు మెదపలేదు. దాచడం ఒక్కటే నీకు తెలుసు. దాచినదేమిటో నీకు పట్టదు. ఒకప్పుడు తాటాకు భారతానికి ఇచ్చిన చోటే ఇవాళ మిక్సీ అట్టపెట్టెకు, అందులోని థర్మోకోలు ముక్కలతో సహా, అంతే ఆదరంగా ఇస్తున్నావు.

ఇంత సమదృష్టి మనుషుల్లో నేను చూడలేదు. అత్తవారి తరఫు, పుట్టింటి తరఫు అన్న తేడా నీకు లేదు. పగిలిన ఫ్లాస్కూ, పగలని ఫ్లాస్కూ నీకు ఒకటే. ఆమధ్య నీ దగ్గర్నుంచి ఒక స్టీలు బేసిన్ దింపి ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా చూశాను. అంచుకు కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టించి ఉన్నాయి. ఇచ్చిన దంపతుల పేర్లు, ‘గృహప్రవేశ శుభాకాంక్షలతో’ అన్న మాట, తేదీ, 1988. పేరు కొట్టిన మనిషికి చోటు చాలక చివరి రెండక్షరాలూ ఇరుక్కుని ఒకదాని మీదొకటి ఎక్కాయి. లోపల అడుగున ధర చీటీ జిగురు మరక నల్లగా, చీటీ ఆకారంలోనే ఇంకా ఉంది. అంటే అందులో ఎవరూ ఏనాడూ బియ్యం కడగలేదు. పిండి కలపలేదు. ఇచ్చినాయన మా వీధిలో ప్రాథమిక పాఠశాల మాస్టారు. ఆయన జీతంలో ఆ సైజు బేసిన్ కొని, పేరు కొట్టించి, రంగు కాగితం చుట్టి తేవడమంటే నెల ఖర్చుల్లో ఏదో ఒకటి మానుకోవడమే. అంత ప్రేమగా ఇచ్చినదాన్ని ఈ ఇల్లు నీ చేతిలో పెట్టింది. నువ్వు దాని మీద ఒక్క గీత పడనివ్వలేదు. మాస్టారు పోయి చాలా కాలమైంది. ఆయన బతికున్నప్పుడు ఒక్క పండగనాడైనా ఆ బేసిన్‌లో పులిహోర కలిపి ఆయన ముందు వడ్డించి ఉంటే ఎంత బాగుండేదో. ఆ అవకాశాన్ని కూడా నువ్వే భద్రపరిచావు.

ఆ బేసిన్ పక్కన ఇంకెందరి ప్రేమలున్నాయో. పెళ్ళిలో వచ్చిన గోడ గడియారాలు, ఆరు గ్లాసులూ ఒక జగ్గూ ఉండే లెమన్ సెట్లు, మూత బిగుసుకుపోయిన క్యాసరోళ్ళు, రాధాకృష్ణుల ఫ్రేములు. ఈ కాలం బారసాలలకూ ఓణీల ఫంక్షన్లకూ ఇచ్చే ప్లాస్టిక్ బుట్టలూ పసుపు కుంకుమల భరిణెలూ సరే సరి. వాటిలో సగం ఇంకో ఇంటి అటక మీంచి దిగి నీ మీదికి వచ్చినవే. నీ అక్కచెల్లెళ్ళు ఒకరికొకరు కానుకలు పంపుకుంటున్నట్టుంది. మధ్యలో మేము మోసేవాళ్ళం.

నిన్ను నమ్ముకోవడానికి మా పెద్దవాళ్ళకు కారణం ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. గ్యాస్ కనెక్షనుకు ఏళ్ళ తరబడి ఎదురు చూసిన కాలం అది. చేతక్ స్కూటరుకు డబ్బు కట్టి పదేళ్ళు కాచుకున్నవాళ్ళున్నారు. ఒక మేకు వంగిపోతే సుత్తితో సాపు చేసి మళ్ళీ కొట్టుకునేవారు. గుండీ తెగితే గుండీల డబ్బాలోకి, చొక్కా చిరిగితే బొంతలోకి, బొంత చిరిగితే గేదెల పాకలోకి. ఉద్యోగికి మూడేళ్ళకోసారి బదిలీ అయ్యేది. టీవీ పెట్టె, ఫ్యాను పెట్టె దాచుకోకపోతే లారీలో సామాను పగిలేది. ‘ఎప్పటికైనా పనికొస్తుంది, ఉండనీ’ అన్న మాట లేమిలోంచి పుట్టింది, తెలివిలోంచీ పుట్టింది. ఆ మాట ఎవరన్నా నువ్వు వెంటనే చోటిచ్చావు.

తర్వాత కాలం తిరగబడింది. ఇప్పుడు ఫోన్లో వేలు పెడితే రాత్రికి ఇంటికి డబ్బా వస్తుంది. బదిలీలు అప్పటంతగా లేవు. మేకులు పొట్లాలకు పొట్లాలు దొరుకుతున్నాయి. ఆ సంగతి నీ చెవిన ఎవరూ వేయలేదు, నువ్వూ అడగలేదు. అదే మాట, అదే ఆదరణ. వెనక లావుగా పొట్ట ఉండే పాత టీవీ ఒకటి నీ మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. చానెల్ పట్టుకునే యాంటెన్నా కూడా లేదు దానికి. ఆ టీవీ గాజులో సీసం ఉంటుంది. మామూలు చెత్తలో వేయకూడదు, పగలగొట్టకూడదు. ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి పంపించాలి. పంపించడానికి ఒక పూట కావాలి. ఆ పూట రానంతకాలం అది నీ దగ్గర సుఖంగా ఉంటుంది. ఏ పనినైనా రేపటికి తోసెయ్యాలంటే మనిషికి కాస్తయినా సిగ్గుండేది. ఆ సిగ్గును నువ్వు మా తలమీంచి దింపి నీ తలకెత్తుకున్నావు.

నిన్ను చూసి ఇంట్లో మిగతా చోట్లు కూడా పాఠం నేర్చుకున్నాయి. దివాన్ కాటు పొట్ట విప్పితే దుప్పట్లు. మంచం కింద సూట్‌కేసు, దాంట్లో ఇంకో సూట్‌కేసు, దాంట్లో చక్రం విరిగిన చిన్న సూట్‌కేసు. బాల్కనీలో ఎండిన కుండీలు, మూడు చక్రాల సైకిలు. చివరికి ఒక గదికి గదే నీ దారి పట్టింది. ‘పిల్లల గది’ అన్న పేరుతో కట్టి, పిల్లలు చదువులకు వెళ్ళిపోయాక ఇస్త్రీ బట్టల గుట్టతో మొదలై, వాడని ట్రెడ్‌మిల్‌తో తలుపు సగమే తెరుచుకునే దశకు వచ్చిన గదులు ఎన్ని ఇళ్ళలో లేవు! హైదరాబాదులో చదరపు అడుగు ఆరు వేలు అనుకున్నా, పదడుగులకు పదడుగుల గది ఆరు లక్షలు. ఇరవై ఏళ్ళు వాయిదాలు కట్టిన డబ్బు. ఆ గదిలో అట్టపెట్టెలు ఏ వాయిదా కట్టకుండా కాపురముంటున్నాయి. ఇంటికి అమ్మ వచ్చి పది రోజులుంటానంటే హాల్లో చాప పరుస్తున్నారు. నగరాల్లో ఇప్పుడు నెలకింతని తీసుకుని సామాను దాచిపెట్టే గోదాములు కూడా వెలిశాయి. నీ వంశం అద్దెకు కూడా దొరుకుతోందన్నమాట.

ఇక నిన్ను సేవించుకునేవాళ్ళ గురించి. ఇది చెప్పకపోతే నీ స్తోత్రం పూర్తి కాదు.

దసరాకు ముందు, సంక్రాంతికి ముందు, ఉగాదికి ముందు ఇంటి ఇల్లాలు బూజు కర్ర పట్టుకుంటుంది. తలకు తువ్వాలు చుట్టుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ప్లాస్టిక్ స్టూలు మీద, అది చాలకపోతే కుర్చీ మీద వేసిన స్టూలు మీద నిలబడి నీ ముందుకు చేతులు చాస్తుంది. ఏడడుగుల ఎత్తున నువ్వు, అయిదడుగుల మనిషి ఆమె. పైనున్న బరువైన డబ్బాను ముందుకు లాక్కునేటప్పుడు దాని బరువంతా ఒక్కసారి ఛాతీ మీదికి వస్తుంది. కింద స్టూలు పట్టుకోవడానికి ఎవరైనా ఉంటే అదృష్టం. అన్నీ దింపుతుంది. తుడుస్తుంది. మళ్ళీ అన్నీ ఎక్కిస్తుంది. ఒక్క వస్తువూ తగ్గదు, ఎందుకంటే తీసెయ్యడానికి ఆమెకు అధికారం లేదు. అది అత్తగారి పెట్టె, ఇది ఆయన కాలేజీ పుస్తకాలు, అది ఆడపడుచు అట్టేపెట్టమన్న ఉయ్యాల. తుడిచే పని ఆమెది, ఉంచాలో తీసెయ్యాలో చెప్పేది ఇంకొకరు. పాత పత్తి పరుపులోంచి లేచిన దుమ్ముకు ఉబ్బసం ఉన్న మనిషయితే ఆ రాత్రి పడుకోదు, కూర్చుని తెల్లవారుస్తుంది.

కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ 289లో నీ వంతు ఎంతో విడిగా లెక్క తీయలేదు. నిన్ను ఎవరూ లెక్కలో వేయరు, నీ గొప్పతనం అక్కడే ఉంది. ఆమె మోకాళ్ళ నొప్పి మాత్రం నాకు లెక్కే. ఆ నొప్పి గురించి నిన్ను అడిగితే నువ్వు చెప్పే జవాబు ఒకటే. నీ దగ్గరికి ఏదీ తనంతట తాను ఎక్కి రాలేదు. నిజమే, ఎక్కించింది మేమే.

నీతో పోటీకి వచ్చినవాళ్ళు లేకపోలేదు. ఇల్లు సర్దుకోవడం నేర్పుతానంటూ జపాన్ నుంచి మారీ కోండో వచ్చింది. ముందు అక్కడ పుస్తకం, 2014లో ఇంగ్లీషులో, 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో. ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకో, మనసుకు ఆనందం కలిగిస్తే ఉంచుకో, లేకపోతే దానికి కృతజ్ఞత చెప్పి సాగనంపు అంది. మూడో బిడ్డ పుట్టాక తన ఇల్లు మునుపటంత పొందికగా ఉండడం లేదని, దానికి బాధపడడం లేదని 2023లో ఆవిడే చెప్పింది. పిల్లలున్న ఇంటి సంగతి దాచకుండా చెప్పినందుకు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది. ఆమె మాటలో మనవాళ్ళకు పనికొచ్చేది ‘ఆనందం’ కంటే ‘చేతిలోకి తీసుకో’ అన్నది అనిపిస్తుంది. నీ దగ్గరున్న వస్తువును, ఉంచాలా వద్దా అని చేతిలోకి తీసుకున్న మనిషే లేడు కదా.

మనకు భోగి ఎప్పట్నుంచో ఉంది. పాత చీపుళ్ళు, విరిగిన తట్టలు, పుచ్చిన చెక్కలు తెల్లవారకముందే మంటలో వేసి, ఇల్లు ఖాళీ చేసుకుని పండగ మొదలుపెట్టడం. ఏడాదికొకసారి గడువు పెట్టిన గొప్ప ఏర్పాటు అది. తట్టా బుట్టా వెదురుతోనూ తాటాకుతోనూ అల్లినన్నాళ్ళు బాగా సాగింది. ఇప్పుడు నీ మీదున్నవి మంటలో వేయకూడనివి. ప్లాస్టిక్ కుర్చీ, రెక్సిన్ బ్యాగు, టైరు మంటలో వేస్తే లేచే నల్లటి పొగ చుట్టూ చలి కాచుకుంటున్న పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. అలా వేసేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. భోగి పేరు చెప్పి విషం పీల్పించే హక్కు ఎవరికీ లేదు.

వీధిలో ‘పాత ఇనప సామాన్లు, పాత పేపర్లు కొంటాం’ అని మైకులో పాడుకుంటూ వెళ్ళే బండి అబ్బాయి నీకు అసలైన వారసుడు కావలసినవాడు. పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ కూడా. వాళ్ళ చేతుల్లో పడితే ఇనుము ఇనుముగా, కాగితం కాగితంగా, గుడ్డ గుడ్డగా మళ్ళీ లోకంలో తిరుగుతుంది. చదువుకున్నవాళ్ళు సభలు పెట్టి మాట్లాడే పనిని వాళ్ళు ఎండలో బండి తోసుకుంటూ చేస్తున్నారు. బండి ఇంటి ముందు ఆగుతుంది. ‘అమ్మా, ఏమన్నా ఉన్నాయా’ అని అబ్బాయి అరుస్తాడు. లోపల్నుంచి ‘ఏమీ లేవు’ అని జవాబు. ఆ జవాబు చెబుతున్న మనిషి నెత్తిమీదే నువ్వుంటావు.

అక్కర ఉన్నవాళ్ళ చూపు నీ మీద పడకుండా కూడా కాపాడుతున్నావు. తాతగారికి తుంటి ఎముక విరిగినప్పుడు కొన్న వాకర్ నీ దగ్గరుంది. ఆయన మూడు నెలలు పట్టుకుని నడిచాడు. తర్వాత ఆయనే లేడు. అల్యూమినియం గొట్టాలు, రబ్బరు బూట్లు, పట్టుకునే చోట స్పాంజి, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎదురు సందులో ఒక ముసలావిడ గోడ పట్టుకుని బాత్రూంకు వెళుతోంది. ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య దూరం నలభై అడుగులు ఉంటుందేమో. మధ్యలో నువ్వున్నావు. పెద్దవాడి ఎంసెట్ పుస్తకాలు నీ దగ్గరున్నాయి. అంచుల్లో పెన్సిలు గుర్తులతో సహా ఏ పేదింటి పిల్లకైనా ఆ ఏడాదే ఇచ్చి ఉంటే చదువుకునేది. సిలబస్ మారిపోయేదాకా నువ్వు దాచావు, ఇప్పుడు అవి తూకానికి తప్ప దేనికీ పనికిరావు. ఉన్ని దుప్పట్లు నాలుగున్నాయి. ధనుర్మాసంలో బస్టాండు బల్లల మీద ముడుచుకుని పడుకున్నవాళ్ళను చూసి ‘పాపం’ అనుకుంటూ ఇంటికొచ్చి ఆ దుప్పట్ల కిందే నిద్రపోతాం. కప్పుకుని కాదు. అవి పైన, మేము కింద.

దానం చేయడానికి మనసు రాక కాదు. చాలా ఇళ్ళలో మనసుంది. దింపడానికి ఒక మనిషి, చూసుకోవడానికి ఒక పూట, ‘ఇది ఇచ్చెయ్యి, నేనేం అనుకోను’ అనే ఒక్క మాట, ఈ మూడూ ఒకే రోజు కుదరవు. కుదిరినప్పుడు అది అరగంట పని. పాత గంగాళం గుడి వంటశాలకు వెళుతుంది, వాకర్ ఎదురు సందుకు వెళుతుంది, అన్షు గుప్తా 1999లో మొదలుపెట్టిన గూంజ్ వంటి సంస్థలకు బట్టలు వెళతాయి, అట్టపెట్టెలు మడిచి బండికి వేస్తారు. బొమ్మల కొలువు పెట్టెను ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. అది ఏటా దిగుతుంది, నీ మీద ఉండడానికి దానికి పూర్తి హక్కుంది. ఏటా దిగనిదానికి ఆ హక్కు ఎవరిచ్చారని ఒక్కసారి ఇంటివాళ్ళు నిన్ను నిలదీసి ఉంటే, నీ పెద్ద మనసు ఇంతమందికి ఇంత బరువయ్యేది కాదు.

నీ ఓర్పు చివరికి ఎవరి మీద పడుతుందో అది కూడా చెబుతాను. విజయవాడలోనో తణుకులోనో కరీంనగర్‌లోనో అమ్మానాన్నలు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోతారు. కూతురు డల్లాస్ నుంచి వస్తుంది, కొడుకు సిడ్నీ నుంచి వస్తాడు. ఇద్దరికీ రెండు మూడు వారాల సెలవు. పన్నెండో రోజు దాకా కర్మకాండలు, తర్వాత బ్యాంకు, తర్వాత మున్సిపల్ ఆఫీసు. మిగిలిన నాలుగు రోజుల్లో నీ ముందు నిలబడతారు. నలభై ఏళ్ళు ఒక్కొక్కటిగా ఎక్కినవి నాలుగు రోజుల్లో దిగాలి. వాళ్ళకు ఏది ఏమిటో తెలియదు. నాన్న చేతిరాతతో ఉన్న నోటు పుస్తకం మూడు కట్టల పాత కరెంటు బిల్లుల మధ్య ఉంటుంది. అమ్మ పెళ్ళి పట్టుచీర చిమ్మటలు కొట్టి, మడత విప్పగానే మడత వెంబడే చీలిపోతుంది. నువ్వు అన్నిటినీ సమానంగా చూసినందువల్ల, వాళ్ళూ అన్నిటినీ సమానంగానే చూడాల్సి వస్తుంది. ఆఖరి రోజు టాటా ఏస్ వస్తుంది. కిలో ఇంతని మాట్లాడుకుని మొత్తం ఎత్తుకెళతారు. ఆ మాస్టారి బేసిన్ కూడా.

స్వీడన్‌లో మార్గరేటా మాగ్నుసన్ అనే పెద్దావిడ 2017లో దీని మీద పుస్తకమే రాశారు. మనం పోయాక పిల్లలు మన సామాను ముందు కూర్చుని కుమిలిపోకుండా, ఉండగానే మనమే సర్దుకుని, ఇవ్వాల్సినవి మన చేతులతో ఇచ్చి వెళ్ళాలని ఆవిడ మాట. మనవాళ్ళలో కూడా అలాంటి నాయనమ్మలు ఉన్నారు. డెబ్బై దాటగానే గాజులు మనవరాళ్ళకు పంచి, ఇత్తడి బిందె ఇది పెద్దదానికి, అది చిన్నదానికి అని చెప్పి, ఎవరికివ్వాలో అప్పుడే ఇచ్చేసి, చివరి రోజులకు ఒక్క ట్రంకు పెట్టెతో మిగిలినవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలో కూడా నువ్వున్నావు. అక్కడ నీ మీద పెద్దగా ఏమీ ఉండేది కాదు. అలాంటి ఇంటి నుంచి ఒక బిందె నాకు తెలిసిన అమ్మాయి దగ్గర ఉంది. అందులో రోజూ నీళ్ళు పడుతుంది. నీళ్ళు పట్టేటప్పుడల్లా నాయనమ్మ పేరు ఒక్కసారైనా ఆమె నోట వస్తుంది.

మిగతా ఇళ్ళలో టాటా ఏస్ వెళ్ళిపోయాక మేస్త్రీ వచ్చి సున్నం కొడతాడు. నీ మీదా ఒక పూత వేస్తాడు. పిల్లలు విమానం ఎక్కేలోపు ‘టు లెట్’ బోర్డు కడతారు. వారం తిరక్కుండా ఒక కొత్త జంట ఇల్లు చూడ్డానికి వస్తుంది. అబ్బాయి కరెంటు మీటరు, నీళ్ళ పంపు చూస్తాడు. ఆ అమ్మాయి వంటింట్లోకి వెళ్ళి ముందు తల పైకెత్తి నీ వంకే చూస్తుంది.

‘ఏమండీ, అటక బాగా పెద్దది. తీసేసుకుందాం’ అంటుంది.